ముగియని కూత

భీమేశ్వరం గారు మాట మధ్యలో పోయారు.

ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ దీనికి ఆశ్చర్యపోలేదు. ఆయన మాట్లాడకుండా ఉన్న సమయం చూసి తీసుకెళ్ళాలంటే యముడు మైదానం బయట చాలా ఏళ్ళు కాచుక్కూర్చోవలసి వచ్చేది. చిక్కల్లా, ఆగిపోయిన ఆ మాటతోనే వచ్చింది.

ముత్యాలరేవు హైస్కూలు మైదానం. జిల్లా మహిళల కబడ్డీ ఫైనలు. ముత్యాలరేవుకీ చినలంకకీ పాయింట్లు సమానం. ఆఖరి కూత. ముత్యాలరేవు పిల్ల ఓలేటి సత్యవేణి కూతకెళ్ళి, చినలంక కెప్టెన్ నాగరత్నాన్ని తాకి వెనక్కి దూకింది. నాగరత్నం ఆమె చీలమండ దొరకబుచ్చుకుంది. సత్యవేణి బోర్లా పడి, నడిగీత వైపు చెయ్యి చాచింది. వేళ్ళకీ గీతకీ మధ్య జానెడు నేల.

వేదిక మీద మైకు ముందు భీమేశ్వరం గారు లేచి నిలబడ్డారు.

"వచ్చేస్తోంది... వచ్చేస్తోంది... అదిగో అమ్మాయి..."

అంతే.

మైదానంలో ఉన్న జనమంతా ఒక్కసారిగా వేదిక వైపు తిరిగారు. ఆ గొంతు ఆగడం వాళ్ళెప్పుడూ వినలేదు. రిఫరీ ధర్మారావు తిరిగాడు. స్కోరు రాసేవాడు తిరిగాడు. నాగరత్నం చీలమండ వదిలేసింది. సత్యవేణి గీత మాట మరిచిపోయి, లేచి అడ్డంగా పరిగెత్తి, వేదికెక్కి ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది. నాగరత్నం నీళ్ళు తెచ్చింది.

గుండె, అన్నాడు డాక్టరు.

భీమేశ్వరం గారు పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అది ఆయన కడుపు కోసం చేసిన పని. ముప్పై ఏళ్ళుగా జిల్లాలో ఎక్కడ కబడ్డీ జరిగినా మైకు ఆయనదే; అందరికీ ఆయన మైకు మాస్టారు. కూతకెళ్ళిన ఆటగత్తె క్షేమంగా గీత దాటి వస్తే, "అమ్మాయి ఇంటికొచ్చేసిందండోయ్!" అనేవారు. అవతలివాళ్ళు పట్టేస్తే, "ఉండి భోంచేసి వెళ్ళమంటున్నారండోయ్!" అనేవారు. ఆట తెలియని ముసలమ్మలు కూడా పీటలు పట్టుకుని వచ్చి కూర్చునేది ఈ రెండు ముక్కల కోసమే.

ఆయన మాటకు ఇంకో బలం కూడా ఉండేది. పూర్వం ఈ ప్రాంతంలో ఓడిన ఊరివాళ్ళు రిఫరీని తరమడం ఆనవాయితీ. ఒక రిఫరీ నోట్లో ఈల అలాగే ఉంచుకుని కాలువ ఈదుకుంటూ పారిపోయాడు. కాని భీమేశ్వరం గారు భోజనం మాట ఎత్తితే ఓడినవాళ్ళు కూడా నవ్వేసేవారు. ఇది గమనించిన జిల్లా కబడ్డీ సమాఖ్య ఒక తీర్మానం చేసింది: "మైకులో ప్రకటించబడిన పాయింటే పాయింటుగా పరిగణించబడును."

ఆనాటి నుంచి జిల్లాలో ఒక్క రిఫరీ కూడా తడవలేదు. వాళ్ళు మైకు చెప్పాక ఈల వేసేవారు. కొంతకాలానికి ఆట చూడడం కూడా మానేశారు. నిబంధన బ్రహ్మాండంగా పనిచేసింది. మైకు ముందు ఉండేది మనిషన్న సంగతి మాత్రం అందులో ఎవరూ రాయలేదు.

అంతిమయాత్రకు తాలూకా అంతా కదిలింది. ముందు నడిచినవాడు తాతబ్బాయి. బస్టాండు దగ్గర సోడా కొట్టు అతనిది. భీమేశ్వరం అభిమాన సంఘానికి అధ్యక్షుడు. సందు మలుపులో పాడె మోసేవాళ్ళు భుజం మార్చుకున్నప్పుడు, వెనక నుంచి ఎవరో అలవాటు కొద్దీ, "సూరిబాబు ఎడం భుజానికి మార్చుకున్నాడండోయ్!" అనేశాడు. జనం గొల్లుమని నవ్వారు. వెంటనే గొల్లుమని ఏడ్చారు.

తాతబ్బాయి వాణ్ణి కొట్టబోయాడు. భీమేశ్వరం గారి భార్య అన్నపూర్ణమ్మ ఆపింది.

"వదిలెయ్యరా. ఆయనైతే ఇంకొంచెం బాగా చెప్పేవారు."

ఆ సాయంత్రమే అభిమాన సంఘం ప్రతిజ్ఞ చేసింది. మాస్టారి మైకు ఎవరూ ముట్టుకోరాదు. మైదానంలో వేదిక మీద, దండతో, అలాగే ఉండాలి. స్విచ్ కూడా ఆపకూడదు. తాతబ్బాయి తన కొట్టు బ్యాటరీ తెచ్చి తగిలించాడు.

*

సత్యవేణి సమాఖ్య ఆఫీసుకు వెళ్ళింది. అధ్యక్షులు జగదభిరామం గారు, కార్యదర్శి కామేశం గారు చెరో సంతాప సందేశం దిద్దుకుంటున్నారు.

"ఫైనలు సంగతి ఏటయిందండి?" అంది సత్యవేణి. "పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి క్రీడా కోటాలో పెట్టానండి. జిల్లా విజేత సర్టిఫికెట్టు కావాలంటున్నారు. ఈ నెలాఖరు దాటితే నాకు వయసు దాటిపోద్దండి."

"సమాఖ్య తీవ్ర దిగ్భ్రాంతిలో ఉందమ్మా," అన్నారు అధ్యక్షులు.

"నేనూ ఉన్నానండి. గెలిచామో ఓడామో చెప్పేస్తే ఇంటికెళ్ళి దిగ్భ్రాంతిలో ఉంటాను."

కామేశం గారు కళ్ళజోడు తీసి తుడిచారు. ఆయన కళ్ళజోడు తీశారంటే నిబంధన రాబోతోందని అర్థం.

"కూత ఫలితం మైకులో ప్రకటించబడలేదు. ప్రకటించబడని కూత ముగియలేదు. ముగియని కూత కొనసాగుతున్నట్లుగా పరిగణించవలసి యుంటుంది."

"అంటేనండి?"

"అంటే నువ్విప్పుడు కూతలో ఉన్నావు."

"నేను మీ ఆఫీసులో ఉన్నానండి."

"భౌతికంగా," అన్నారు కామేశం గారు.

"పోనీ," అంది సత్యవేణి, "నేను బరి దాటి పరిగెత్తాను కదండి. అవుటిచ్చెయ్యండి. మళ్ళీ ఆడుకుంటాం."

"అవుటని ఎవరు ప్రకటించారు?"

"మాస్టారు పోయారు కదండీ, ఎవరు ప్రకటిస్తారు?"

"అదే మా దిగ్భ్రాంతి," అన్నారు అధ్యక్షులు.

"పోనీ ఫైనలు ఆడినట్టయినా ఓ కాయితం ఇప్పించండి."

"ఆట నడుస్తుండగా ఆటగత్తె చేతికి కాగితం ఇస్తే అది ఆటలో జోక్యం అవుతుందమ్మా," అని అధ్యక్షులు సానుభూతిగా చెప్పారు. అంతలో ఆయనకేదో తోచి ఉలిక్కిపడ్డారు. "కామేశం! కూతలో ఉన్న మనిషి కూత ఆపి మాట్లాడేస్తోందే! ఇది చెల్లుతుందా?"

చెల్లదు. కామేశం గారు అప్పటికప్పుడు ఉత్తర్వు రాశారు. కుమారి ఓలేటి సత్యవేణికి భోజన, నిద్ర, స్నాన సమయములయందును, పెద్దలతో సంభాషణ అనివార్యమైనప్పుడును "తాత్కాలిక శ్వాస అనుమతి" మంజూరు. మిగతా వేళల్లో, అనగా ఉదయం నుంచి సాయంత్రం వరకు, ఆటగత్తెలందరూ కూత ఆగిన నాటి స్థానాల్లో హాజరు కావలెను.

*

మర్నాడు మైదానంలో సున్నం పోసి గుర్తులు పెట్టారు. హత్య జరిగినచోట పోలీసులు గీసినట్టు, బోర్లా పడ్డ సత్యవేణి ఆకారం గీశారు. చాచిన చేతికీ గీతకీ మధ్య జానెడు ఖాళీని కామేశం గారు స్వయంగా స్కేలుతో కొలిచి ధ్రువీకరించారు.

సత్యవేణి ఆ గీతల మధ్య బోర్లా పడుకునేది. నాగరత్నం చీలమండ పట్టుకుని కూర్చునేది. మిగతా ఆరుగురూ చుట్టూ వంగి నిలబడేవారు, నడుం నొప్పి పుట్టినప్పుడు వంతులవారీగా. రిఫరీ ధర్మారావు ఈల నోట్లో పెట్టుకుని మైకు వైపు చూస్తూ ఉండేవాడు.

నాగరత్నం ఒక స్కూల్లో వ్యాయామం టీచరు. సెలవు పెట్టి వచ్చేది. టిఫిను డబ్బా కూడా తెచ్చేది. ఒక చేత్తో చీలమండ వదలకుండా, రెండో చేత్తో ఇడ్లీ అందించేది.

"తినవే. ఇంత సన్నం కాలు పట్టుకుని నా చెయ్యి జారిపోతంది."

"నువ్వొదిలేస్తే నేను పోతాను కదక్కా."

"వదలను. ఆట ఆటే. చట్నీ వేసుకో."

కొత్త వ్యాఖ్యాతను వేసుకుంటే పోయేదానికి ఇంత యాతన ఎందుకని ఎవరైనా అడగవచ్చు. సమాఖ్య కూడా అదే అడిగింది. ప్రకటన ఇచ్చింది. గొంతున్నవాళ్ళు చాలామంది వచ్చారు. వేలంపాట పాడేవాడు వచ్చాడు, రేవులో పడవ జనాన్ని పిలిచేవాడు వచ్చాడు. వాళ్ళలో ఒకణ్ణి ఎంపిక కూడా చేశారు. చివర్లో కామేశం గారు కళ్ళజోడు తీశారు.

"బాధ్యతల స్వీకారానికి ముందు, పదవి నుంచి వైదొలగుచున్న వ్యక్తి చార్జి అప్పగించి సంతకం చేయవలెను."

వైదొలగిన వ్యక్తి సంతకం కోసం ఒక గుమాస్తాను అన్నపూర్ణమ్మ గారింటికి పంపారు కూడా. ఆవిడ అతన్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, పటం చూపించింది. గుమాస్తా పటానికి దణ్ణం పెట్టి, "ఇంట్లోనే ఉన్నారు గాని సంతకం చేయుటకు సుముఖంగా లేరు" అని రాసుకుపోయాడు.

అవతల అభిమాన సంఘం కూడా ఊరుకోలేదు.

"మాస్టారి మాట మీద ఇంకోడు మాటెయ్యడమేటండి!" అన్నాడు తాతబ్బాయి. "ఆ మాట అక్కడే ఆగిపోవాలి. అదే మాకు స్తూపం."

ఊరంతా ఫ్లెక్సీలు వెలిశాయి. భీమేశ్వరం గారి బొమ్మ, కింద "అదిగో అమ్మాయి..." అన్న అక్షరాలు. అభిమానులు సంతాపసూచకంగా తమ మాటలు కూడా మధ్యలో ఆపేయడం మొదలుపెట్టారు. బస్సులో టిక్కెట్టు ఎక్కడికో సగమే చెప్పి ఆగేవారు. కండక్టరు దయతలచి దింపిన చోట దిగేవారు. హోటల్లో "రెండు పెస..." అని కళ్ళు తుడుచుకుంటే పెసరట్లు రావాలో, పెసర పునుగులు రావాలో సర్వరు ఇష్టం. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే ఒక పెళ్ళికొడుకు "అదిగో అమ్మాయి..." అని ఆపేశాడు. పిల్ల తండ్రి ఇప్పటికీ వీధి అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు.

ఒక సాయంత్రం సత్యవేణి హాజరు ముగించుకుని, బట్టలకు సున్నంతోనే సోడా కొట్టు దగ్గరకు వచ్చింది.

"బాబాయ్, ఆ ఫ్లెక్సీలో అమ్మాయి ఎవరో తెలుసా?"

తాతబ్బాయి గోలీ నొక్కబోతూ ఆగాడు.

"నేనే. మీ స్తూపం నా వీపు మీద కట్టారు. మీరెట్టిన మూడు చుక్కల తరవాత నా బతుకుంది బాబాయ్. నెలాఖరు వచ్చేస్తంది."

"తెలుసమ్మా."

"తెలిసే ఊరుకున్నావా? ఆ మైకులో ఓ ముక్క చెప్పెయ్. గెలిచామను, ఓడామను, ఏదో ఒకటి. ఓడిపోతే వలలేసుకు బతుకుతాను. ఇదేంటిది, గెలుపూ కాదు, ఓటమీ కాదు, రోజంతా మట్టిలో బోర్లా!"

తాతబ్బాయి సోడా పక్కన పెట్టాడు.

"ఆ మాట పూర్తయిపోతే," అన్నాడు, "మాస్టారు నిజంగా పోయినట్టే కదే."

ఆ రోజు ఆయన తల పెట్టుకున్నది సత్యవేణి ఒళ్ళోనే. గోలీ తనే నొక్కుకుని, సోడా తాగి, వెళ్ళిపోయింది.

*

నెలాఖరు రోజున మైదానంలోనే సంస్మరణ సభ పెట్టారు.

కార్యక్రమం గురించి కామేశం గారు ముందురోజు బరి పక్కనే వివరించారు. అధ్యక్షుల వారి ఉపన్యాసానికి ముందు మౌనం పాటించబడుతుంది. మౌనం ఆరంభానికి రిఫరీ ఈల చాలు. ముగింపు మాత్రం పూర్వం భీమేశ్వరం గారే మైకులో చెప్పేవారు.

"ఇప్పుడెవరు చెబుతారు?" అని అడిగారు ఉపాధ్యక్షులు పళ్ళంరాజు గారు. అధ్యక్ష పీఠం మీద ఆయనకు చాలాకాలంగా కన్నుంది.

"అది సభలో తేలుతుంది," అన్నారు జగదభిరామం గారు ధీమాగా. "ప్రకటన వెలువడేలోగా నోరు విప్పిన సభ్యుడు ఎంతటివాడైనా సమాఖ్య నుంచి బహిష్కరించబడును. రాయవయ్యా కామేశం! మన సంతాపం ఎంత గట్టిదో జనానికి తెలియాలి."

పళ్ళంరాజు గారు అందరికంటే ముందు చెయ్యెత్తారు. తీర్మానం ఏకగ్రీవం.

అప్పుడు, నేల మీద బోర్లా పడుకునే, సత్యవేణి అడిగింది. "కామేశం గారండీ! మరి నేను కూతలో ఉన్నాను కదండి. మౌనం పాటిస్తే కూత ఆగిపోయి అవుటైపోతాను కదండి?"

కామేశం గారి ముఖం వెలిగింది. ఇంత మంచి ప్రశ్న ఆయన్ని ఆ సమాఖ్యలో ఎవరూ అడగలేదు. కళ్ళజోడు తీసి అక్కడికక్కడే రాశారు: "కొనసాగుతున్న ఆటకు మౌనము వర్తించదు."

"థాంక్సండి," అంది సత్యవేణి. చెంప మట్టికి ఆనించి ఉండడం వల్ల ఆమె నవ్వు ఎవరికీ కనపడలేదు.

సభ రోజున మైదానం నిండిపోయింది. ముసలమ్మలు పీటలు తెచ్చుకున్నారు. అన్నపూర్ణమ్మ ముందు వరసలో కూర్చుంది. వేదిక మీద దండ వేసిన మైకు, దాని పక్కన కాపలాగా తాతబ్బాయి. సమాఖ్య పెద్దలు వరసగా నిలబడ్డారు. బరిలో సత్యవేణి, ఆమె చీలమండ పట్టుకుని నాగరత్నం, చుట్టూ ఆరుగురు.

ధర్మారావు ఈల వేశాడు.

అంత జనం అంత నిశ్శబ్దంగా ఉండడం ముత్యాలరేవు ఎప్పుడూ చూడలేదు. కొబ్బరాకుల గలగల వినపడింది. నాగరత్నం తల వంచుకుని, కళ్ళు మూసుకుంది. చెయ్యి చీలమండ మీద అలవాటుగా ఉంది, అంతే.

"కబడ్డీ."

మొదట ఎవరికీ అర్థం కాలేదు.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

సత్యవేణి మోచేతుల మీద లేచింది. ముందుకు పాకింది. జానెడు ఖాళీ బెత్తెడయింది.

నాగరత్నం కళ్ళు తెరిచింది. ఒక్క క్షణం మైకు వైపు చూసింది, ఒక్క క్షణం కామేశం గారి వైపు. ఆ తరవాత రెండు చేతులతో కాలు పట్టి వెనక్కి లాగింది. ఆట ఆటే మరి. బెత్తెడు మళ్ళీ జానెడున్నరయింది. మిగతా ఆరుగురూ సంతాపంలోంచి తేరుకుని మీద పడ్డారు. దుమ్ము లేచింది. సున్నపు బొమ్మ చెరిగిపోయింది.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

కూత సన్నబడుతోంది గాని తెగలేదు. జనం లేచి నిలబడ్డారు. ఈసారి ఎవరూ తల పక్కకు తిప్పలేదు. వేదిక వైపు చూసినవాడు లేడు. చూడడం మరిచిపోయిన రిఫరీలు కూడా చూస్తున్నారు. ఆ కుప్పలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. వేళ్ళు నేలను గీకాయి. ఆగాయి. ఒక్క వేలు, చిటికెన వేలు, వణుకుతూ ముందుకు సాగి గీత మీద వాలింది.

ధర్మారావు ఈల నోట్లో బిగించాడు. వెయ్యడానికి లేదు. మైకు చెప్పాలి.

జనమంతా అప్పుడు తిరిగారు, వేదిక వైపు. మాట కోసం.

తాతబ్బాయి దండ వేసిన మైకు ముందు నిలబడి ఉన్నాడు. అన్నపూర్ణమ్మ అతని కేసి చూసి, సరే అన్నట్టు తలాడించింది.

"అదిగో అమ్మాయి..." అన్నాడు తాతబ్బాయి. లౌడుస్పీకర్లలో ఆ గొంతు బొంగురుగా, కొత్తగా ఉంది. ఆగిపోయింది. ముందు వరసలో ఒక ముసలమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మాయి... ఇంటికొచ్చేసిందండోయ్!"

ధర్మారావు ఈల వేశాడు. మైదానం దద్దరిల్లింది. పీటలు గాలిలోకి ఎగిరాయి. తాతబ్బాయి మైకు కర్రను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు కూడా స్పీకర్లలో మైదానమంతా వినిపించింది.

దుమ్ములో వెల్లకిలా పడి రొప్పుతూ నాగరత్నం అంది, "ఈసారి గట్టిగానే పట్టాను కదే!"

"పట్టావక్కా," అంది సత్యవేణి, ఎన్నాళ్ళకో నిండుగా ఊపిరి పీల్చుకుని. "నీ ఇడ్లీలే కొంచెం ఎక్కువ పెట్టేశావు."

ఇక మిగిలింది సర్టిఫికెట్టు. పోలీసు ఆఫీసు ఇంకో గంటలో మూసేస్తారు. సత్యవేణి దాన్ని ముందే టైపు చేయించి పెట్టుకుంది. ఒంటి మట్టి దులుపుకోకుండానే వేదికెక్కి అధ్యక్షుల ముందు పెట్టింది.

జగదభిరామం గారి ముఖం ఎర్రబడింది. సోడా కొట్టువాడు ప్రకటించడమేమిటని ఆయన అరవబోయారు. నోరు సగం తెరిచారు. పళ్ళంరాజు గారు ఆశగా ముందుకు వంగారు. అధ్యక్షులకు చప్పున గుర్తొచ్చింది: కూత ముగిసిందని మైకు చెప్పింది గాని, మౌనం ముగిసిందని చెప్పలేదు. నోరు మూసుకున్నారు.

ఆయన కామేశం గారి వైపు చూశారు. కామేశం గారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఒక కాగితం మీద రాసి చూపించారు: "నిబంధనలో మైకు అని ఉన్నది. నోరు ఎవరిదో లేదు. ప్రకటన చెల్లును."

అధ్యక్షులు కళ్ళతోనే కామేశం గారిని ఉద్యోగం నుంచి తీసేశారు. తరవాత సంతకం పెట్టారు. సత్యవేణి కాగితం లాక్కుని, వేదిక మీంచి దూకి, జనం మధ్య దారి చేసుకుంటూ పరిగెత్తింది. నాగరత్నం స్కూటరు తీసి సిద్ధంగా ఉంది.

సభ ముగిసిపోతోంది. పెద్దలు మాత్రం కదలకుండా నిలబడి ఉన్నారు. కామేశం గారు ఇంకో కాగితం రాసి తాతబ్బాయికి అందించారు: "మౌనము ముగిసినట్లు ప్రకటించుము."

తాతబ్బాయి చదివి, కళ్ళు తుడుచుకుని, కిందికి దిగి అన్నపూర్ణమ్మ దగ్గరకు వెళ్ళాడు. "అమ్మా, ఈ ముక్క కూడా చెప్పెయ్యమంటారా?"

అన్నపూర్ణమ్మ వేదిక మీది వరసను ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది.

"ముప్పై ఏళ్ళు ఆయన మాట్లాడుతుంటే వీళ్ళు తమ ఉపన్యాసాల కోసం చీటీలు పంపి మధ్యలో అడ్డొచ్చేవారురా," అంది. "కొన్నాళ్ళు ఉండనీ."

తాతబ్బాయి వెళ్ళి, దండ సరిచేసి, బ్యాటరీ వైరు పీకేశాడు.

సత్యవేణి ఇప్పుడు ఖాకీ బట్టల్లో పోటీల బందోబస్తుకు వస్తోంది. రిఫరీలు మళ్ళీ ఆట చూసి ఈల వేస్తున్నారు. సమాఖ్య సమావేశాలు క్రమం తప్పకుండా జరుగుతున్నాయి. అందరూ వస్తారు, టీ తాగుతారు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, వెళ్ళిపోతారు. పళ్ళంరాజు గారు ఇంకా ఆశగానే ఉన్నారు.

జిల్లాలో కబడ్డీ ఇంత బాగా ఎప్పుడూ నడవలేదని జనం అంటున్నారు.